చింతపండు నిషిద్ధమైన నగరం

రజతకూట నగర ద్వారం ముందు ఎడ్లబండి ఆగేసరికి పొద్దు పడమటికి వాలింది. ద్వారానికి అటూ ఇటూ ఏనుగు దంతాల్లాంటి తెల్లరాతి బురుజులు. వాటి మీద బంగారు రేకు తొడిగిన కలశాలు. కలశాల కింద ఎర్రరాతిలో చెక్కిన చిలకల బారు, ఒక్కొక్క చిలక ముక్కుకూ ఒక పగడం. ఎండ తగిలి ఆ ద్వారం పెళ్లిపందిరిలా వెలిగిపోతోంది. తలుపుల మీది ఇత్తడి గుబ్బలు మాత్రం నల్లగా, పచ్చగా, ముట్టుకుంటే చేతికి అంటుకునేటట్టు ఉన్నాయి.

బండి దిగిన యువకుడు కింశుకపురం యువరాజు జయంధరుడు. జరీ తలపాగా చుట్టి, నడుముకు గీటురాయి సంచీ వేలాడేసి, రత్నశేఖర శ్రేష్ఠి అనే పాత వస్తువుల పరీక్షకుడి వేషంలో ఉన్నాడు. ఆ పేరుతో మహామంత్రికి ముందే కబురు పంపాడు. వెనకాలే మూట పట్టుకుని దిగిన పెద్దావిడ అంకమ్మ. కింశుకపురం ఆలయంలో ప్రసాదాలు వండే మనిషి. తల్లి లేని యువరాజునూ అతని చెల్లెలు మృణాళినినీ చంకనేసుకుని పెంచింది ఆవిడే.

ఆ మృణాళిని పోయిన నెల అడవిలోని అమ్మవారి గుడికి దీపం పెట్టడానికి వెళ్లి తిరిగి రాలేదు. రజతకూట మహామంత్రి, మహామాయావి అయిన వర్ణగుప్తుడు ఆమెను కంచుబొమ్మగా మార్చి తన విచిత్రశాలకు ఎత్తుకుపోయాడు. కొండ మీది తపస్వి ఆ సంగతి చెప్పి, "ఈ పున్నమినాటి పొద్దు గుంకేలోగా ఆ పిల్లను బయటికి తెచ్చుకోండి. పొద్దు గుంకగానే వాడు బొమ్మకు లక్కపూత పూస్తాడు. ఆ పూత ఆరితే ఇక ఆమె మనిషి కాదు" అన్నాడు. ఏం చేస్తే మనిషి అవుతుందని అడిగితే, తనకూ తెలియదని ఉన్నమాట చెప్పాడు.

ఆ పున్నమి ఈ రోజే.

"చింతపండు ఉందా?" అని అడిగాడు ద్వారం దగ్గర పడుచు కాపలావాడు.

కత్తులున్నాయా అని అడుగుతారనుకుని, కత్తిని ఊరి బయటే వదిలి వచ్చిన జయంధరుడు తెల్లబోయాడు. "చింతపండా?"

"చింతపండు, నిమ్మకాయ, పుల్లమజ్జిగ, పొయ్యి బూడిద, ఇటుకపొడి. ఏదున్నా ఇక్కడే పెట్టి వెళ్లాలి. మహామంత్రిగారి ఆజ్ఞ."

అంకమ్మ మూట గట్టిగా పట్టుకుంది. "చింతపండు లేకుండా మీ ఊళ్లో చారెలా కాచుకుంటారు నాయనా?"

"కాచుకోం."

"మరి గిన్నెలెలా తోముకుంటారు?"

"తోముకోం. తోమితే వన్నె పోతుంది."

"ఏం వన్నె? ఆ గుబ్బలకు పట్టిన చిలుమా?"

కాపలావాడు చటుక్కున అటూ ఇటూ చూశాడు. "ఆ మాట అనకు అవ్వా. ఇక్కడ దాన్ని కాలవన్నె అనాలి. ఇంకో మాట అంటే నాలుక కోస్తారు."

వాడు మూట విప్పి చింతపండు ముద్ద తీసి, ద్వారం పక్కనున్న కొట్లోకి విసిరేశాడు. లోపల కప్పును తాకేటంత ఎత్తున చింతపండు గుట్టలు పడి ఉన్నాయి. తరవాత అరిటాకు పొట్లం విప్పాడు. పచ్చగా అన్నం కనిపించింది.

"ఇదేమిటి?"

"స్వామివారి ప్రసాదం. పసుపన్నం" అంది అంకమ్మ. అబద్ధం కాదు. పులిహోరలో పసుపు ఉంటుంది కదా.

వాడు నోట్లో వేసుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక పులుపు తెలియనివాడు. "బాగుందే" అని ఇంకో పిడికెడు తీసుకున్నాడు. పక్కనే ఈటె ఆనించుకుని నిలబడ్డ ముసలి కాపలావాడు దుగ్గన్న కూడా ఒక ముద్ద తీసుకున్నాడు. నోట్లో పెట్టుకుని నమలడం ఆపేశాడు. ఆ ముసలాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ముద్ద మింగి, అంకమ్మ ముఖంలోకి ఒకసారి చూసి, ఆకు తనే మడిచి చేతికిచ్చాడు.

"పసుపన్నమే. పోనీరా వాళ్లని" అన్నాడు.

నగరం లోపల వీధులు రంగస్థలంలా ఉన్నాయి. ప్రతి ఇంటి ద్వారబంధానికీ నగిషీ పని, ప్రతి కిటికీకీ తీగలు అల్లినట్టు చెక్కిన జాలీ. కాని ఆ కిటికీల వెనక ఆడవాళ్లు మసి పట్టిన బిందెలతో నీళ్లు మోస్తున్నారు. గుమ్మాల్లో దీపపు కుందులున్నాయి, వాటిలో నూనె లేదు. ఒక్క పళ్లెం, ఒక్క చెంబు కూడా తళుక్కుమనలేదు ఎక్కడా.

దారిలో ఒక గుడి వచ్చింది. అంకమ్మ ఆగకుండా ఉండలేకపోయింది. లోపల పంచలోహ విగ్రహం మెడ దాకా పచ్చటి చిలుము పట్టి ఉంది. ముందు పట్టుతాడు కట్టారు. పూజారి పూజ చేయడం లేదు, కర్ర పట్టుకుని తాడుకు కాపలా ఉన్నాడు.

"స్వామికి నీళ్లు పోసి ఎన్నాళ్లయింది అయ్యగారూ?"

"నీళ్లు పోస్తే వన్నె చెడుతుందట తల్లీ. నైవేద్యం పెడితే చీమలు పడతాయట" అన్నాడు పూజారి తల దించుకుని.

"ఉక్కపోయదా లోపలున్నాయనకి? ఆకలెయ్యదా?" అంది అంకమ్మ. "మనిషికి స్నానం లేకుండా కట్టేస్తేనే పాపమంటారే. ఇంతకీ ఆయన లోపలున్నాడా, విసిగి లేచిపోయాడా?"

పూజారి విగ్రహం వంక చూశాడు. అది ఆయన కూడా రోజూ తనలో తాను వేసుకుంటున్న ప్రశ్న కాబోలు.

"అంకమ్మా, పొద్దు" అన్నాడు జయంధరుడు మెల్లగా. ఇద్దరూ నడిచారు.

విచిత్రశాల అంతఃపురం వెనక చందనపు తోటలో ఉంది. గుమ్మం ముందు ఇద్దరు కంచు భటులు నిలబడి ఉన్నారు. లోపల నుంచి చప్పట్లు వినిపించగానే ఆ కంచు చేతులు కదిలి తలుపులు తెరిచాయి, మళ్లీ బిగుసుకుపోయాయి. అంకమ్మ యువరాజు ఉత్తరీయం కొస పట్టుకుంది.

లోపల గచ్చు అద్దంలా ఉంది. నల్లరాతి స్తంభాలకు వెండి తీగతో మల్లెపందిళ్లు పొదిగి ఉన్నాయి. పైకప్పు నిండా నీలి గాజుపూత మీనా పని, నడిరేయి ఆకాశంలా. గోడల వెంట పీఠాల మీద కంచుమనుషులు బారులు తీరి ఉన్నారు. ప్రతి పీఠానికీ ఒక రాగిరేకు, రేకు మీద పని పేరు. మనిషి పేరు ఒక్కదాని మీదా లేదు.

వర్ణగుప్తుడు ఎదురొచ్చాడు. భయంకరంగా ఏమీ లేడు. సన్నని మనిషి, మెత్తని నవ్వు, చేతులకు పట్టు తొడుగులు. తన వస్తువులను కూడా ఉత్తచేత్తో ముట్టుకునే అలవాటు లేదు.

"రండి శ్రేష్ఠీ. మీలాంటి పరీక్షకుడి కోసమే చూస్తున్నాను. నా కొత్త బొమ్మకు ఈ పొద్దు లక్కపూత పూయాలి. పరాయివాడి నోట పని పేరు పలికిస్తేనే నా పూత అంటుకుంటుంది. ముందు మీ చూపు ఎలాంటిదో చూద్దాం. ఇదేమిటి?"

అది వంగిన వీపుతో నిలబడ్డ కూలివాడి బొమ్మ. భుజం ఒక్కటే అరిగి మెరుస్తోంది.

"పోత పని" అన్నాడు జయంధరుడు.

"పోత పనే. ఆ భుజం చూడండి. ఏళ్ల తరబడి బరువులు మోస్తేగాని అలా రాదు. వాడుక మెరుపు అంటాం దీన్ని. ఎంత సహజంగా ఉందో."

తరవాత గరిటె పట్టుకున్న ఒక ఆడమనిషి బొమ్మ. ఎడమచెవికి దుద్దు ఉంది, కుడిచెవి తెగి ఉంది. "భగ్నశోభ" అన్నాడు వర్ణగుప్తుడు. "లాక్కొచ్చేటప్పుడు మా భటుల మొరటుతనం వల్ల తెగింది. మొదట బాధపడ్డాను. ఇప్పుడనిపిస్తుంది, అది తెగకపోతే ఈ బొమ్మకు ఇంత అందం లేదు."

జయంధరుడు రాగిరేకు మీది ఆ పేరు చూశాడు. వీడు చేసిన ప్రతి ఘాతుకానికీ ఒక చక్కని పేరు ఉంది. పేరు పెట్టగానే వీడి దృష్టిలో పాపం కాస్తా పనితనమైపోతోంది.

"ఇదిగో, ఇదీ నా కొత్తది."

శాల చివర, పడమటి కిటికీ కింద, రెండు చేతులతో ప్రమిద పట్టుకుని మృణాళిని నిలబడి ఉంది. గుడికి వెళ్లినప్పటి జడ అలాగే ఉంది, జడలో పువ్వులు కంచువి. ఒళ్లంతా చిలుము. కళ్ల కింద నుంచి గడ్డం దాకా ఇంకా చిక్కటి పచ్చటి గీతలు రెండు.

"అశ్రురేఖ" అన్నాడు వర్ణగుప్తుడు గొంతు తగ్గించి, గర్భగుడిలో మాట్లాడినట్టు. "దీన్ని ఏ పనివాడూ చేయలేడు శ్రేష్ఠీ. లోపల నుంచే రావాలి. రోజూ ఒక వెంట్రుకవాసి పెరుగుతోంది. ఎలా ఉంది?"

జయంధరుడికి కొట్టడానికి చెయ్యి లేస్తోంది. కొడితే చెల్లెలు దక్కదు.

"చేతిలో ప్రమిద ఉందే. దీపం పెట్టరా?" అని మాత్రం అన్నాడు.

"దీపమా? మసి పడదూ?" వర్ణగుప్తుడు జాలిగా నవ్వాడు. "వాడటం మొదలెడితే అది సామాను అవుతుంది శ్రేష్ఠీ, కళాఖండం కాదు. సరే, ఇది ఏ పని? పేరు చెప్పండి."

"పొద్దు వాలే వెలుగులో చూసి చెబుతాను. ఈ ఎండలో చూసి చెబితే పొరపడతాను."

ఆ జవాబుకు మాయావి ముఖం విప్పారింది. "అసలైన పరీక్షకుడి మాట. ఈలోగా నేను లక్క కరిగించి తెస్తాను. ఏదీ ముట్టుకోకండి." అతను పక్కగదిలోకి వెళ్లాడు.

తలుపు మూసుకోగానే జయంధరుడు చెల్లెలి నడుము పట్టి ఎత్తబోయాడు. పీఠానికి అతుక్కుపోయింది, అంగుళం కదలలేదు. కిటికీలో ఎండ ఎర్రబడింది.

అంకమ్మ కదలకుండా ఆ ముఖం వంక చూస్తోంది. మంత్రాలు ఆవిడకు తెలియవు, మాయలు తెలియవు. పెంచిన పిల్ల ముఖానికి మురికి పట్టి ఉంది, అంతే తెలుసు.

"శుక్రవారం పూట, చేతిలో దీపం పెట్టుకున్న పిల్ల ముఖం ఇట్టాగా ఉండేది?" అంది గొణుగుతూ. కొంగుతో తుడిచింది, పోలేదు. పొట్లం విప్పి, పులిహోర పిడికెడు చేతిలోకి తీసుకుని, ఆగింది. "స్వామీ, ఇది నీ ప్రసాదం. దీంతో తోమడం తప్పో ఒప్పో నాకు తెలీదు. తప్పయితే నాకు తగలనీ, పిల్లకి కాదు."

కంచుబుగ్గ మీద పెట్టి రుద్దింది. చింతపండు, ఉప్పు కలిసి చిలుమును పట్టాయి. పచ్చదనం కరిగింది. దాని కింద ఎర్రటి కంచు మెరవలేదు. వెచ్చటి బుగ్గ కనిపించింది.

"అంకమ్మా" అన్నాడు జయంధరుడు. ఊరి ద్వారం దగ్గర చింతపండుకు ఎందుకు భయపడ్డారో అతనికి ఒక్కసారిగా తెలిసింది. వాడి మాయంతా ఆ చిలుములో ఉంది. దాన్ని ఎవరూ తోమకుండా ఉండటానికే ఇంత నగరానికి మురికిని పూజించడం నేర్పాడు. దేవుడి ఒంటికి కూడా నీళ్లు దూరం చేశాడు. అతనూ ఒక పిడికెడు తీసుకున్నాడు.

ఇద్దరూ చెరో పక్క రుద్దారు. నుదురు, కళ్లు, ముక్కు, పెదవులు. పెదవులు కదిలాయి. ఒక మెతుకు లోపలికి వెళ్లింది.

"అంకమ్మా," అంది మృణాళిని మెల్లగా, "ఉప్పు కాస్త ఎక్కువైంది."

"నెల్రోజుల తరవాత నోరు తెరిచి చెప్పే మాట ఇదా తల్లీ" అంటూనే అంకమ్మ ఏడ్చింది, రుద్దడం ఆపకుండా. మెడ వచ్చింది, భుజాలు వచ్చాయి, చేతులు వచ్చాయి. ప్రమిద గచ్చు మీద పడి గణగణలాడింది.

పక్కగది తలుపు తెరుచుకుంది. పొగలు కక్కే లక్కమూకుడుతో వర్ణగుప్తుడు నిలబడ్డాడు. ముందు వాసన తగిలింది అతనికి.

"పులుపు" అన్నాడు, పాము మీద కాలేసినవాడిలా. "నా కాలవన్నెను తోమేశారు. మోటుమనుషులారా, ఏళ్లు పడితేగాని రానిదాన్ని."

"నువ్వు ఏడిపించిన ఏళ్లు అవి" అన్నాడు జయంధరుడు, తలపాగా తీసి విసిరేసి. "దొంగిలించిన పిల్ల కన్నీటికి పేరు పెట్టి రాగిరేకు మీద చెక్కుతావా? నేను శ్రేష్ఠిని కాదు, దీని అన్నని."

అతను దూకాడు. మాయావి తన పట్టుతొడుగు వేలితో యువరాజు కుడిచేతిని చూపి, "పోత పని" అన్నాడు.

ఆ చెయ్యి గాలిలోనే బిగిసింది. వేళ్ల కొసల నుంచి మోచేతి దాకా కంచయిపోయి, రాతిగుండు కట్టినట్టు కిందికి లాగింది. వర్ణగుప్తుడు నవ్వాడు. "పిడికిలి భంగిమ. వీరరసం. ఎక్కడ పెట్టాలో ఆలోచిస్తాను."

"నేను చెబుతాను" అన్నాడు జయంధరుడు. ఆ బరువును అలాగే గిర్రున తిప్పి మూకుడు మీద వేశాడు. మూకుడు ఎగిరి తలకిందులైంది. మరిగే లక్క మాయావి పాదాల మీద, గచ్చు మీద పరుచుకుంది. అతను పెద్ద కేక పెట్టి కదలబోయాడు. చల్లటి రాతి మీద లక్క అప్పటికే బిగుసుకుంటోంది.

"అన్నయ్యా, పాదాలు" అంది మృణాళిని. మోకాళ్ల కింద ఆమె ఇంకా కంచే.

అంకమ్మ ఆకు చూపించింది. పిడికెడు మెతుకులు మిగిలాయి. అవతల యువరాజు కంచుచేతికి మణికట్టు దగ్గర అప్పుడే పచ్చటి మచ్చ పుట్టింది. చూస్తూండగానే అంగుళం పాకింది.

"బాబుగారూ, ఇది ఒక్కరికే సరిపోద్ది."

"ఇందులో అడగడానికేముంది? దాని పాదాలకి పెట్టు."

అంకమ్మ ఆకు దులిపి, చివరి మెతుకు దాకా ఆ పాదాలకు రుద్దింది. మృణాళిని పీఠం మీంచి అన్న మీదికి పడింది. జయంధరుడు కంచుపిడికిలితో కిటికీ జాలీని ఒక్క దెబ్బకు పగలగొట్టాడు. ముగ్గురూ తోటలోకి దూకారు. వెనక నుంచి చప్పట్లు వినిపించాయి. కాళ్లు అతుక్కుపోయినా వర్ణగుప్తుడి చేతులు ఖాళీగానే ఉన్నాయి.

వాళ్లు వీధుల వెంట పరుగెత్తి ద్వారం చేరేసరికి పొద్దు గుంకుతోంది. తలుపులు మూసి ఉన్నాయి. అడ్డగడియ ముందు ఈటెతో దుగ్గన్న ఒక్కడే ఉన్నాడు. యువరాజు చేతిమీది చిలుము మోచెయ్యి దాటింది. భుజం దాటితే తరవాత గుండె.

"దారి వదులు తాతా" అన్నాడు జయంధరుడు. "నిన్ను కొట్టాలని లేదు."

దుగ్గన్న అతన్ని చూడలేదు. అంకమ్మనే చూస్తున్నాడు. "ఆ అన్నంలో వేసింది చింతపండే కదమ్మా?"

"అవును నాయనా. అబద్ధమాడినట్టే అయింది."

"నాకు తెలుసులే. మా ఇంటిది చారు పెడితే ఈ వీధి చివరికి వాసనొచ్చేది. ఒకనాడు దాచుకున్న చింతపండుతో పెట్టింది. పట్టుకుపోయారు. కొండకోటలో ఉంచామన్నారు, బాగానే ఉందన్నారు. నేను వాళ్ల ద్వారానికే కాపలా కాస్తున్నాను."

జయంధరుడికి రాగిరేకు మీది పేరు గుర్తొచ్చింది. "చేతిలో గరిటె ఉందా ఆవిడకి? ఎడమచెవికి ఒక్కటే దుద్దా?"

"రెండు చెవులకీ ఉండేవి. నేనే కొనిచ్చాను."

"కుడిచెవి వాళ్లు తెంపారు తాతా. దానికి భగ్నశోభ అని పేరు పెట్టి పీఠం ఎక్కించారు."

దుగ్గన్న ఆ మాటను లోపలే ఒకసారి పలికి చూసుకున్నట్టుంది. తరవాత నడుముకున్న తాళాలగుత్తి తీశాడు. నగర ద్వారం తెరవలేదు. దాని అడ్డగడియకు ఇంకో తాళం బిగించి, "ఇక వాడు కూడా బయటికి పోలేడు" అన్నాడు. పక్కనున్న కొట్టు తలుపులు బార్లా తెరిచాడు. చింతపండు పుల్లటి వాసన వీధిలోకి పొంగింది. ఒక గుమ్మం తెరుచుకుంది. ఇంకో గుమ్మం తెరుచుకుంది. మసిబిందెలు చంకలో పెట్టుకుని ఆడవాళ్లు బయటికి వచ్చి ఆ వాసన వైపు చూస్తూ నిలబడ్డారు.

"చూస్తారేంటమ్మా, నీళ్లు తెండి" అంది అంకమ్మ. బిందెలోని నీళ్లతో చింతపండు ముద్ద తడిపి యువరాజు మోచేతి పైన రుద్దడం మొదలుపెట్టింది. చిలుము అక్కడ ఆగింది. వేళ్లింకా కంచే.

అప్పుడు రాజవీధి చివర నుంచి బరువైన చప్పుడు వినిపించింది. లోహపు అడుగులు, ఒకే తాళంలో. విచిత్రశాల బొమ్మలన్నీ పీఠాలు దిగి నడిచి వస్తున్నాయి. ఎక్కడో దూరాన వర్ణగుప్తుడి చప్పట్లు వాటిని తోలుతున్నాయి. కూలివాడి వంగిన భుజం, గుమ్మం దగ్గరి భటులు, బారుకు అందరికంటే ముందు గరిటె ఎత్తి పట్టుకున్న ఆడమనిషి. సంధ్యవెలుగు ఆమె ఎడమచెవి దుద్దు మీద పడి ఆగింది.

వీధిలో వాళ్లు గోడలకు అంటుకుపోయారు. జయంధరుడు కంచుపిడికిలి ఎత్తాడు.

"ఆగు బాబూ, అది మా పైడమ్మ" అన్నాడు దుగ్గన్న.

ఈటె కింద పడేశాడు. తడిసిన చింతపండు రెండు చేతుల నిండా తీసుకుని, ఆమెకు ఎదురు నడిచాడు.